గాలి పోయినా నడిచే టైరు

ఆ బజారులో పంక్చర్లు వేసేవాళ్ళు నలుగురున్నా, చెవి మేస్త్రి అంటే ఒక్కడే. టైరు మీద చెక్కసుత్తితో ఒక్కటి వేసి, తల పక్కకి వంచి, "ఇరవై ఎనిమిదుంది, ఇంకో నాలుగు పట్టించు" అనేవాడు. మీటరు పెట్టి చూస్తే సరిగ్గా ఇరవై ఎనిమిదే ఉండేది. లారీలవాళ్ళు పందేలు కాసి మరీ ఓడిపోయేవారు. ముప్పై ఏళ్ళుగా అలా ఓడిపోతూ పోతూ చివరికి మీటరు అడగడమే మానేశారు. అబ్బో, ఆ పేరంటే ఆయనకి ఎంత మురిపెమో చెప్పలేం. ఎవరైనా కొత్తవాళ్ళు కొట్టు ముందు బండి ఆపితే, గాలి పట్టే గొట్టం కంటే ముందు సుత్తి చేతిలోకి తీసుకునేవాడు.

ఆయనకి ఒక్కతే కూతురు. పెద్దాసుపత్రిలో అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో నర్సు. మిగతా రోజులు ఊళ్ళోనే పని. ప్రతి గురువారం మాత్రం కొండ అవతల ఉన్న చిన్న ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ పసిపిల్లల్ని చూడటానికి చెయ్యి తిరిగిన మనిషి లేదు. డెబ్బై కిలోమీటర్లు చదునైన రోడ్డు, తరవాత కొండ ఎక్కుడు, ఆ పైన పదకొండు మలుపుల దిగుడు. దానికని ఆ పిల్ల ఒక కారు కొనుక్కుంది. రెండు తలుపుల ఎర్ర బండి, నేలకి అంటుకుపోయినట్టుంటుంది, కాలు తాకిస్తే చాలు దూకుతుంది. రోజూ ఆసుపత్రికి పోయే మనిషికి పందేల బండి ఎందుకమ్మా అని వాళ్ళమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. మేస్త్రి మాత్రం ఆ బండి సందు మలుపు తిరుగుతుంటే గుమ్మంలో నిలబడి చూసేవాడు.

ఆ కారులో ఒకటే లోపం. అయిదో చక్రం ఉండదు. పెట్టుకోవడానికి చోటే లేదు. గాలి పోయినా నడిచే టైర్లు వేసుకుంటారులే అని కంపెనీవాళ్ళు ఆ గుంటే తీసేశారు. పాత యజమాని ఆ టైర్లు అరిగిపోయాక మామూలువి వేయించి అమ్మేశాడు. నాలుగు నెలల కిందట, ఒక గురువారం, దిగుడులో ఆరో మలుపు దగ్గర వెనక టైరు పేలింది. వాన. పక్కన గోడ, దాని అవతల లోయ. లారీలు గజం దూరంలో నుంచి పోతుంటే ఆ పిల్ల రెండు గంటలు గోడకి అతుక్కుని నిలబడింది. ఇంటికొచ్చాక తడి బట్టలతోనే కూర్చుని, "భయమేసింది నాన్నా" అంది. చిన్నప్పటి నుంచీ ఆ మాట ఆమె నోటివెంట ఆయన విని ఎరగడు. మూడు రాత్రులు ఆయనకి నిద్రపట్టలేదు.

నాలుగో రోజు పొద్దున్నే లేచి టైర్లు అమ్మే బావమరిది దుకాణానికి వెళ్ళాడు. చూడండి, ఇది మామూలు సంగతి కాదు. గాలి పోయినా నడిచే టైర్లంటే ఆయనకి మొదటి నుంచీ మంట. వాటి పక్కగోడలు చెక్కలాగా గట్టిగా ఉంటాయి, గాలి పోయినా బరువు ఆ గోడల మీదే ఆగుతుంది. బిగించాలంటే భుజాలు ఊడతాయి. ఒకసారి గాలి లేకుండా నడిచాక దానికి పంక్చరు వేయడమూ మంచిది కాదు, పారేయాల్సిందే. గతుకు మీద పడితే నడుం తెలుస్తుంది. పైగా పంక్చర్లతో బతికేవాడు పంక్చరు లెక్కలేని టైరు కోసం వెళ్ళడం. బావమరిది ఆ మాటే అని పగలబడి నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. పిల్ల మలుపులో ఆగకూడదు, అది చాలు అన్నాడు.

బావమరిది మూడు రకాలు దింపి వరసగా నిలబెట్టాడు. ఒకటి మెత్తనిది, కూర్చున్నవాళ్ళకి సుఖం, కానీ గాలి పోయాక యాభై కిలోమీటర్లకి మించి పూచీ లేదు. రెండోది మధ్యరకం, తడిరోడ్డు మీద బాగా పట్టుకుంటుంది, ఎనభై కిలోమీటర్లు వస్తుంది. మూడోది అన్నిటికంటే గట్టిది. దానికీ ఎనభై కిలోమీటర్లే రాశారు, అదీ నెమ్మదిగా పోతేనే, కానీ గోడ మందం వేలెడు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కాడు. మూడోది నొక్కుపడలేదు. లేచి నిలబడి దాని మీద కాలు పెట్టి బరువంతా వేశాడు. ఊహూఁ. ఆయన ముఖం విచ్చుకుంది. ఇదే కావాలన్నాడు.

బావమరిది వద్దన్నాడు. అమ్మాయి నడిపే వేగానికీ, ఆ కొండకీ రెండోదే సరైనదన్నాడు. "మూడోదానితో చిక్కేమిటంటే బావా, గాలి మొత్తం పోయినా పైకి తెలీదు. చూపుకీ తెలీదు, చేతికీ తెలీదు. లోపల సెన్సరు ఉంటుంది, కారులో లైటు వెలుగుతుంది. ఆ లైటు ఒక్కటే చెప్తుంది. దాన్ని నమ్ముకుంటానంటేనే ఇది తీసుకో" అన్నాడు.

గాలి ఉందో లేదో నాకు ఒక లైటు చెప్పాలా అని మేస్త్రి నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్విన నవ్వు అదొక్కటే. గట్టివే తీసుకున్నాడు. తండ్రి అన్నవాడు తన బిడ్డకి గట్టిది వేస్తాడా, మెత్తనిది వేస్తాడా, మీరే చెప్పండి. నాలుగూ తనే బిగించాడు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదు. ఒక్కో చక్రానికి ముప్పావుగంట పట్టింది. బొటనవేలి గోరు ఊడొచ్చింది. సాయంత్రం కారు తీసుకెళ్ళి ఇంటి ముందు పెట్టి, నాలుగు టైర్ల మీదా నాలుగు దెబ్బలు వేసి, చప్పుడు విని, ఇక నిశ్చింతగా పడుకోవచ్చని భార్యతో చెప్పాడు.

అప్పటి నుంచీ పొద్దున్నే అదొక తంతు అయింది. కూతురు తాళం తిప్పేలోపు ఆయన సుత్తితో కారు చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. టక్, టక్, టక్, టక్. "వెళ్ళిరా తల్లీ" అనేవాడు. ఆమె పోయేది. మీటరు కొట్లో ఉంటుంది, అది డబ్బులిచ్చే బళ్ళకి. ఇంట్లో పిల్లకి మీటరేమిటి, తన చెవి ఉండగా.

ఆ మంగళవారం కూతురు ఇంటికి రాగానే, కారులో పసుపు లైటు వెలిగిందని చెప్పింది. మేస్త్రి అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి నాలుగూ కొట్టి చూశాడు. నాలుగూ ఒకేలా పలికాయి. చలికి ఈ లైట్లు ఊరికే వెలుగుతాయని చెప్పి, మీట నొక్కిపట్టుకుని ఆర్పేశాడు. బుధవారం పొద్దున కొట్టాడు, ఒకేలా పలికాయి. గురువారం ఆరున్నరకి కొట్టాడు, ఒకేలా పలికాయి. ఫోను సంచిలో పడేశావా అని అడిగాడు. స్టీరింగు పట్టుకున్నాక ఫోను ముట్టుకోకూడదన్నది ఆమెకి నడపడం నేర్పిన రోజున ఆయన పెట్టిన కట్టడి. చప్పుడు రాకుండా దాని నోరు నొక్కేసి వెనక సీట్లో పడేశానని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

ఏడూ పదికి ఒక పళ్ళ డాక్టరు తెల్ల కారులో కొట్టుకొచ్చాడు. బావమరిది దగ్గర అవే గట్టి టైర్లు కొన్నాడట. రాత్రి నుంచి లైటు వెలుగుతోంది, ఒకసారి చూడండన్నాడు. ఎటు చక్రమో కూడా తెరమీద చూపిస్తోంది, కుడివైపు వెనకది. మేస్త్రి సుత్తితో ఆ టైరు మీద వేశాడు, తల వంచి విన్నాడు. నిండుగా ఉందండీ, బళ్ళకి ఈ మధ్య లైట్ల జబ్బు పట్టుకుంది అన్నాడు. డాక్టరు మర్యాదస్థుడు. మీరు చెప్పాక తిరుగులేదు, కానీ వచ్చాను కదా, ఒకసారి మీటరు కూడా పెట్టండి అన్నాడు.

ఆయన మనసు తృప్తి కోసమని మేస్త్రి మీటరు పెట్టాడు. ముల్లు కదలలేదు. మీటరు పాడైందేమోనని పక్క టైరుకి పెట్టాడు. ముప్పై రెండు. మళ్ళీ దీనికి పెట్టాడు. సున్నా. సుత్తి తీసుకుని రెండిటి మీదా ఒకదాని తరవాత ఒకటి కొట్టాడు. ఒకటే చప్పుడు. ఇంకోసారి కొట్టాడు. ఇంకోసారి. డాక్టరు ఏదో అడుగుతున్నాడు, ఈయనకి వినపడటం లేదు. ముప్పై ఏళ్ళు తనని పోషించిన చెవి ఆ గట్టి గోడల ముందు రాయిలా ఉంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

మంగళవారం వెలిగిన లైటుని తన చేత్తో తనే ఆర్పేశాడు.

గాలి ఎప్పుడు పోయింది? మంగళవారమే అంతా పోయిందా, కొంచెం కొంచెం కారుతోందా? మంగళ, బుధ ఊళ్ళో తిరిగింది ఎంత లేదన్నా నలభై. ఈ పొద్దున ఇప్పటికి డెబ్బై దాటి ఉంటుంది. ఎనభై దాటితే పూచీ లేదు, అదీ నెమ్మదిగా పోతేనే. ఆ పిల్ల నెమ్మదిగా పోతుందా, చదును రోడ్డు మీద వంద తగ్గదు. టైరు గోడ లోపల్లోపల కాలి పొడైపోతుంది. ఎక్కుడులో తెలీదు. దిగుడులో, బ్రేకు మీద కాలేసి మలుపు తిప్పినప్పుడు, ఒక్కసారిగా విడిపోతుంది. ఇవన్నీ ఎవరో చెప్పక్కర్లేదు, ఆయన పనే అది. తెలియకపోయుంటే ఎంత బాగుండునో అనిపించింది.

ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. పదకొండు సార్లు చేశాడు. ఇంటికి చేసి భార్యని చేయమన్నాడు, ఎందుకని ఆవిడ అడిగితే చెప్పలేక పెట్టేశాడు. కొండ అవతలి ఆసుపత్రికి చేస్తే ఇంకా రాలేదు, వస్తే చెప్తామన్నారు. వస్తే. వెనక సీట్లో సంచిలో నోరు నొక్కేసిన ఫోను వెలిగి ఆరుతూ ఉంటుందనుకుంటే ఆయనకి పిచ్చెక్కినట్టయింది. ముట్టుకోవద్దని చెప్పింది ఎవరు? తనే. ఆ పిల్ల ఒక్క మాటైనా జవదాటే రకమైతే ఈపాటికి తీసి ఉండేది.

కొట్టు గోడ నిండా లారీవాళ్ళ నంబర్లు సుద్దతో రాసి ఉంటాయి. లేచి గోడ దగ్గరికి వెళ్ళి పై నుంచి మొదలుపెట్టాడు. మొదటివాడు ఎక్కడో సరుకు దింపుతున్నాడు. రెండోవాడు అటు దారే కాదు. మూడో నంబరు ఎత్తనేలేదు. నాలుగోవాడు గడ్డం డ్రైవరు, రాళ్ళ లోడుతో కొండ అవతలి వైపు నుంచి ఎక్కుతున్నానన్నాడు. శిఖరానికి ఇంకో పది నిమిషాలట. మేస్త్రి గబగబా చెప్పాడు.

"మా అమ్మాయి ఇటు నుంచి ఎక్కుతోంది. ఎర్ర కారు, రెండు తలుపులది. దిగుడు మొదలుపెట్టకముందే ఆపు."

"పోతున్న కారుని ఎలా ఆపమంటావు మేస్త్రీ?"

"నీ ఇష్టం. నీ లారీ అడ్డం పెట్టు. ఆపు."

గడ్డం డ్రైవరు సరేనన్నాడు. పైకి పోతే సిగ్నలు ఉండదని మాత్రం చెప్పాడు. ఆ తరవాత అతని ఫోను పలకలేదు.

మేస్త్రి తన పాత వ్యాను తీశాడు. కొట్టు తెరిచే ఉంది, డాక్టరు కారు గాలి లేని చక్రంతో అక్కడే ఉంది. ఆ మనిషి పాపం, నేను చూసుకుంటాను వెళ్ళండని చెయ్యి ఊపాడు. వ్యాను ఎనభై దాటితే వణుకుతుంది. ఆ రోజు తొంభై అయిదులో తొక్కాడు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను. కూతురికి వేసిన కట్టడి తను తుంగలో తొక్కి గడ్డం డ్రైవరుకి చేస్తూనే ఉన్నాడు. ఈపాటికి పైకి చేరిందా? వాడు ముందు చేరాడా, ఇది ముందు చేరిందా? వాడికి పది నిమిషాలు. దీనికి ఎంత? లెక్క వేయబోతే అంకెలు చెదిరిపోతున్నాయి. దేవుణ్ణి పిలవడం ఆయనకి అలవాటు లేదు, ఎవర్ని పిలవాలో తెలియక కూతుర్నే పిలిచాడు. ఆగమ్మా, ఆగు తల్లీ, ఎక్కడో ఒకచోట ఆగు అని పైకే అంటూ పోయాడు.

రోడ్డు పక్కన అక్కడక్కడా నల్లటి రబ్బరు పేలికలు. ఏ హైవే మీదైనా ఉండేవే, ముప్పై ఏళ్ళలో వాటిని ఎన్నడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ కనపడ్డప్పుడల్లా పై ప్రాణం పైనే పోతోంది. ఒకచోట ఆగి, దిగి, చేత్తో పట్టుకుని చూశాడు. లారీ టైరుకి అతికించిన పాత తొడుగు. అది మనది కాదు. ఇంకోచోట ఆగకుండానే గుర్తుపట్టాడు, బస్సుది. కొండ ఎక్కడం మొదలై రెండు మలుపులు తిరిగాక, గోడ వారన జానెడు పొడుగున ఒక సన్నటి పేలిక కనిపించింది. దిగాడు. వేలెడు మందం. లోపలి వైపు కాలి నీలంగా మారింది, వేళ్ళకి ఇసకలాగా పొడి రాలింది. ఇది లారీది కాదు, బస్సుది కాదు. బొటనవేలితో నొక్కి చూసి తను ఏరి కోరి తెచ్చుకున్నదే.

దాన్ని చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలీదు. వెనక ఎవరో హారన్ కొడితే వ్యానెక్కాడు. ఇక వేగంగా పోవాలని కూడా అనిపించలేదు. పోయి చూడాల్సింది ఏదైతే ఉందో దాన్ని చూడటానికి కాళ్ళు రావడం లేదు. ప్రతి మలుపులోనూ గోడ విరిగి ఉందేమోనని ముందు గోడ చూసి, తరవాతే రోడ్డు చూశాడు.

పైన, ఎక్కుడు తీరి దిగుడు మొదలయ్యే చోట, ఒక లారీ పక్కకి తీసి పెట్టి ఉంది. దాని ముందు ఎర్ర కారు. గోడ మీద గడ్డం డ్రైవరూ, అతని పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూతురూ కూర్చుని ఉన్నారు.

మేస్త్రి వ్యాను దిగాడు. నడుస్తున్నాడని ఆయనకి తెలీదు. కూతురు లేచి ఎదురొచ్చింది. ఆమె తల, భుజాలు, చేతులు, ఒక్కొక్కటీ తడిమి చూశాడు. ఒక్క గీత లేదు. లారీ అడ్డంగా పెట్టి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డానని, అమ్మాయి బ్రేకు తొక్కితే బండి తోక విసిరి గజం దూరంలో ఆగిందని గడ్డం డ్రైవరు చెబుతున్నాడు. ముందు నన్ను నానా తిట్లూ తిట్టింది, అక్కడ పిల్లలు ఎదురుచూస్తున్నారని, తరవాత దిగి చక్రం చూసుకుని వచ్చి గోడ మీద కూర్చుండిపోయింది అన్నాడు.

మేస్త్రి వెళ్ళి ఎడమవైపు వెనక చక్రం ముందు కూర్చున్నాడు. టైరు ఒక వైపు గోడ సగం లేదు. మిగిలిన సగంలో చెయ్యి పెడితే లోపల అంతా పిండి. రేకు చక్రం రోడ్డుకి ఒరుసుకుని అంచు తెల్లబడింది. ఇంకొక్క మలుపు వచ్చేది కాదు. ఆమె తిరగబోయిన ఒక్కో మలుపూ ఆయన కళ్ళ ముందు తిరిగింది. అక్కడి నుంచి కిందకి రోడ్డు కనిపిస్తోంది, మొదటి మలుపు, రెండోది, మూడోది.

తల ఎత్తి కూతుర్ని అడిగాడు. "లైటు వెలగలేదా అమ్మా?"

"వెలిగింది. కొండ మొదట్లోనే వెలిగింది. కాసేపటికి ఎర్రగా కూడా అయింది. బండి ఎడమకి లాగుతోంది, ఏదో వాసన కూడా వచ్చింది."

"మరి ఆగలేదేం?"

ఆమె ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"పొద్దున నువ్వు చూశావు కదా నాన్నా."

నిష్ఠూరం లేదు, కోపం లేదు. అడిగితే చెప్పింది, అంతే. ఒక దెబ్బ కొట్టి ఉంటే ఆయనకి ఎంతో సుఖంగా ఉండేది. గడ్డం డ్రైవరు మొహం తిప్పుకుని లారీ తాళ్ళు సర్దడానికి పోయాడు. మేస్త్రి రోడ్డు మీదే కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆ చేతులకి అంటిన నల్లటి పొడి మొహమంతా అయింది. కూతురు పక్కన కూర్చుని కొంగుతో తుడవబోతే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇకనుంచి నా మాట మీద బండి తీయకమ్మా" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. మరి ఎవరి మాట మీద తీయను నాన్నా అని అడిగింది.